ఆఫ్రికాకు పెట్టె సర్దే ముందు అక్కడివారిని అడగండి

సంపాదకుడు గారికి నమస్కారం.

వైద్య సేవ కోసం ఆఫ్రికా దేశాలకు వెళ్తున్న మన నగర క్రైస్తవ యువత గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఉద్యోగానికి సెలవు పెట్టి, సొంత డబ్బుతో టికెట్లు కొనుక్కుని, ముక్కూ మొహం తెలియని రోగుల కోసం అంత దూరం వెళ్లే పిల్లలు మన మధ్య ఉన్నందుకు సంతోషించాను. అయితే ఆ వ్యాసమంతా వెళ్లి వచ్చినవారి మాటలతోనే నిండిపోయింది. వాళ్లు వెళ్లిన ఆసుపత్రి అసలు ఏమి కోరింది, వాళ్లు విమానమెక్కిన తరువాత అక్కడ ఏమి మిగిలింది అన్న ప్రస్తావన ఎక్కడా లేదు. ఆ సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం. కాస్త పెద్దదవుతుంది, వీలైనంత వరకు ప్రచురించగలరు.

నేను డాక్టర్ని కాను, పాస్టర్ని కాను. ఆసుపత్రి యంత్రాలు బాగుచేసే మనిషిని. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రి బయోమెడికల్ విభాగంలో పనిచేసి పదవీ విరమణ పొందాను. సికింద్రాబాద్‌లోని మా చర్చి సంఘం ద్వారా మలావీ దేశంలోని ఒక మిషన్ ఆసుపత్రికి వెళ్లి అక్కడ ఒక వానాకాలమంతా ఉన్నాను. ఆ తరువాత కూడా రాకపోకలు సాగుతూనే ఉన్నాయి.

మలావీ అంటే మనలో చాలామందికి మ్యాపులో చూపించడం కూడా కష్టం. టాంజానియా, జాంబియా, మొజాంబిక్ దేశాల మధ్య ఇరుక్కుని, తూర్పున పొడవాటి సరస్సుతో ఉంటుంది. విస్తీర్ణంలో ఇంచుమించు మన తెలంగాణ అంత. 1964లో బ్రిటిష్ పాలన నుంచి బయటపడింది. ఆ దేశపు కందులు మన దేశానికి దిగుమతి అవుతాయి, ఏడాదికి 50 వేల టన్నుల వరకు కొనడానికి 2021లో ఒప్పందం కూడా కుదిరింది. హైదరాబాదులో పప్పు వండుకునే ఇళ్లకు ఆ రైతులతో తెలియకుండానే చుట్టరికం ఉందని నాకు అనిపిస్తుంది.

అక్కడి పల్లెల్లో వైద్యం చాలావరకు చర్చి ఆసుపత్రుల మీదే ఆధారపడి ఉంది. 1966లో ఏర్పడిన క్రిస్టియన్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ మలావీ కింద దేశమంతటా ఆసుపత్రులు, ఆరోగ్య కేంద్రాలు, నర్సింగ్ కళాశాలలు నడుస్తున్నాయి. సిబ్బందికి జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది. తల్లులకు, పసిపిల్లలకు ఉచితంగా వైద్యం అందేలా చాలా ఆసుపత్రులతో ఒప్పందాలు కూడా చేసుకుంది. కనుక వీటిని విదేశీయుల దయాధర్మంతో నడిచే సత్రాలనుకోవడం పొరపాటు. అవి ఆ దేశపు ఆరోగ్య వ్యవస్థలో భాగం. వాటికి సొంత అధికారులు, సొంత పద్ధతులు, సొంత మందుల జాబితా ఉన్నాయి. మన పిల్లలు వెళ్లేది ఒకరి ఇంటికి. అక్కడ పని చేయదలిస్తే ఆ ఇంటివాళ్లు చెప్పినట్టు నడుచుకోవాలి.

పిల్లల వార్డులో చూసిన ఒక విషయం చెబుతాను. వానలు పడ్డాక అక్కడ మలేరియా విపరీతంగా పెరుగుతుంది. జ్వరంతో, రక్తహీనతతో, న్యుమోనియాతో ఎగశ్వాస తీస్తున్న పసివాళ్లను తల్లులు చిటెంజే అనే రంగుల బట్టతో వీపుకు కట్టుకుని మైళ్ల కొద్దీ నడిచి తెస్తారు. చేతిలో ఆరోగ్య వివరాలు రాసుకునే చిన్న పుస్తకం ఉంటుంది. రోగి ఎక్కడికి వెళ్లినా ఆ పుస్తకమే వెంట వెళ్తుంది. వార్డులో ఒక్కో మంచం మీద ఇద్దరు ముగ్గురు పిల్లలు. మూలన రెండు ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు, అంటే గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి రోగికి అందించే యంత్రాలు. ఒకదాని గొట్టాన్ని నాలుగుగా చీల్చి నలుగురు పిల్లల ముక్కులకు పెట్టారు. యంత్రం గుయ్యిమని నడుస్తోంది. నీళ్ల సీసాలో బుడగలు చక్కగా వస్తున్నాయి. కానీ ఒక పాప కాలి బొటనవేలికి పెట్టిన ఆక్సీమీటరు అంకె 80 దాటడం లేదు. జబ్బు ముదిరిపోయిందని, తమ చేతుల్లో ఇంకేమీ లేదని సిస్టరు అనుకుంటోంది.

వచ్చే గాలిలో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో చూపే చిన్న అనలైజర్‌ను నేను హైదరాబాదు నుంచి పట్టుకెళ్లాను, దాన్ని ఆ గొట్టం చివర పెట్టి చూశాను. 93 శాతం దగ్గర చూపించవలసిన యంత్రం 60 దగ్గరే ఆగిపోయింది. 82 శాతం కంటే తగ్గితే ఆ యంత్రాన్ని రోగికి వాడకూడదు.

చదువరులకు ఈ యంత్రం పనిచేసే తీరు కొంచెం చెప్పాలి, ఎందుకంటే నా ఉత్తరంలోని అసలు విషయం ఇందులోనే ఉంది. కాన్సంట్రేటర్ ఆక్సిజన్‌ను తయారు చేయదు. గదిలోని గాలినే లోపలికి లాగి, కంప్రెసరుతో ఒత్తిడి పెంచి, జియోలైట్ అనే గుళికలు నింపిన డబ్బాలోకి పంపుతుంది. ఆ గుళికలు నైట్రోజన్‌ను పట్టుకుని ఆక్సిజన్‌ను వదులుతాయి. ఇలాంటి డబ్బాలు రెండు ఉంటాయి. ఒకటి పనిచేస్తుంటే రెండోది పట్టుకున్న నైట్రోజన్‌ను బయటకు విడిచి సిద్ధమవుతుంది. జియోలైట్‌కు తేమ తగిలితే శక్తి పోతుంది. వెనక ఉన్న స్పాంజి ఫిల్టరును వారానికి ఒకసారైనా కడగకపోతే దుమ్ము పేరుకుని, గాలి అందక, కంప్రెసరు వేడెక్కుతుంది. ఇవన్నీ జరిగినా మోత ఆగదు, బుడగలు ఆగవు. యంత్రం బతికే ఉన్నట్టు కనిపిస్తుంది. గొట్టంలో వస్తున్నది మాత్రం చాలావరకు మామూలు గాలి.

అక్కడి టెక్నీషియన్ ఇరవై అయిదేళ్లయినా నిండని కుర్రవాడు. నన్ను 'బాంబో' అని, అంటే తండ్రితో సమానంగా, పిలిచేవాడు. మేమిద్దరం ముందు వార్డులో ఉన్న రెండో యంత్రాన్ని పరీక్షించి, అది బాగానే ఉందని తేల్చుకుని, పిల్లలను దానికి మార్చాం. పాడైనదాన్ని వరండాలోకి తెచ్చి విప్పాం. ఫిల్టరు మీద ఎర్రమట్టి అట్టకట్టింది. గొట్టాల కీళ్లకు సబ్బు నురగ రాసి ఎక్కడ కారుతోందో వెతికాం. డబ్బాలు పూర్తిగా పాడయ్యాయి. అదే మోడలుది కంప్రెసరు కాలిపోయిన మరో యంత్రం స్టోరులో ఉంటే, దాని డబ్బాలు తీసి ఇందులో బిగించాం. చీకటి పడేసరికి అనలైజర్ 91 చూపించింది. ఆ పాప మరుసటి రోజు తల్లి పాలు తాగింది. నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. కానీ అదే వార్డులో అంతకు ముందు ఎందరు పసివాళ్లు ఆ ఉత్త గాలి పీల్చుతూ పోయారో ఎవరూ చెప్పలేరు. ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఆ ఆసుపత్రికి డాక్టర్లు రాకపోలేదు. ఏటా విదేశాల నుంచి బృందాలు వచ్చేవి. మందులు తెచ్చేవారు, శిబిరాలు పెట్టేవారు, ప్రార్థించేవారు. కాన్సంట్రేటర్ వెనక ఉన్న ఆ స్పాంజి ముక్కను విప్పి కడిగి చూపించినవారు మాత్రం లేరు. అది ఎవరి పనీ కాదు మరి.

స్టోరు సంగతి కూడా చెప్పాలి. ఆసుపత్రి వెనక పెద్ద గది. తలుపు తీయగానే నేల నుంచి కిటికీ ఎత్తు వరకు యంత్రాలు. ఏ దేశపు ఏ సంస్థ ప్రేమతో పంపిందో ప్రతిదానికీ అందమైన స్టిక్కరు. అమెరికా నుంచి వచ్చిన పరికరాలు 110, 120 వోల్టులవి. మలావీలో కరెంటు మన దేశంలో లాగే 230 వోల్టులు. కొన్ని ప్లగ్గు పెట్టిన క్షణంలోనే మాడిపోయాయి. గోడల్లో ఆక్సిజన్ పైపులు వేసిన ఆసుపత్రుల్లో మాత్రమే పనిచేసే వెంటిలేటరు, ఆ పైపులే లేని ఆసుపత్రికి వచ్చింది. ఇంకోదానికి సెన్సరు లేదు, మరోదానికి వాడే విధానం చెప్పే పుస్తకం లేదు. పంపినవారి మనసు మంచిదే, అందులో నాకు సందేహం లేదు. పంపే ముందు 'మీకు ఏమి కావాలి, మీ కరెంటు ఎంత, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి' అని ఒక ఉత్తరం రాసి ఉంటే ఆ గది ఖాళీగా ఉండేది, వార్డు నిండుగా ఉండేది.

ఇది ఆ ఒక్క ఆసుపత్రి కథ కాదు. పేద దేశాల ఆసుపత్రుల్లోని లక్షకు పైగా పరికరాల లెక్కలు చూసి 2011లో వెలువరించిన ఒక అధ్యయనంలో దాదాపు 38 శాతం పనిచేయడం లేదని తేలింది. ముఖ్య కారణాలు శిక్షణ లేకపోవడం, పరికరాల నిర్వహణ సరిగా లేకపోవడం, మౌలిక వసతులు లేకపోవడం. నా వృత్తిలో ఉన్నవారు ఎవరైనా ఈ కారణాలు విని ఆశ్చర్యపోరు.

ఆపరేషన్ థియేటరులో పెద్ద ఆటోక్లేవ్ ఒకటి ఉండేది. కత్తెరలు, పట్టకారులు, గుడ్డలు అన్నీ 121 డిగ్రీల ఆవిరిలో ఉడికి శుభ్రం కావలసింది అందులోనే. దాని తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ పగిలి ఆవిరి కారిపోతోంది. ఒత్తిడి నిలవక ఆపరేషన్లు వాయిదా పడుతున్నాయి. తయారుచేసిన కంపెనీ మూతపడి చాలా కాలమైంది. నేను ఆ తలుపు గాడి చుట్టుకొలతను దారంతో కొలిచి, అడ్డుకోతను పాత పత్రిక మీద గీసుకుని ఇంటికి వచ్చాను. రాణిగంజ్‌లో రబ్బరు సామాను అమ్మే దుకాణాల్లో చూపిస్తే వేడికి తట్టుకునే సిలికాన్ గాస్కెట్లు చేసి ఇచ్చారు. ధర కొన్ని వందల రూపాయలు. కోఠిలో గుజరాతీ గల్లీలో ఫ్యూజులు, కెపాసిటర్లు, రిలేలు కొన్నాను. తరువాత వెళ్లిన ఒక నర్సు తన సామానుతో పాటు అవన్నీ తీసుకెళ్లింది. నేను పక్కన లేకుండానే ఆ కుర్రవాడు గాస్కెట్ బిగించి, ఆవిరి నిలిచిన ఫొటో పంపాడు. నా సేవలో నాకు బాగా తృప్తి ఇచ్చినది ఆ ఫొటోయే. అందులో నేను లేను.

కరెంటు విషయం వేరే. ఆ దేశపు విద్యుత్తు చాలావరకు షీరే నది మీది జల విద్యుత్ కేంద్రాల నుంచే వస్తుంది. 2022 జనవరిలో అనా తుపానుకు కపిచీరా కేంద్రం దెబ్బతిని దేశంలో దాదాపు మూడో వంతు కరెంటు పోయింది. మరుసటి ఏడాది మార్చిలో ఫ్రెడ్డీ తుపాను దక్షిణ ప్రాంతాన్ని ముంచెత్తింది. ఆ రెండేళ్లలో కలరా 1,700 మందికి పైగా ప్రాణాలు తీసింది. 2025 ఆరంభంలో అమెరికా తన విదేశీ సాయాన్ని నిలిపివేసిన తరువాత హెచ్‌ఐవీ కార్యక్రమాలకు కొత్త కష్టాలు వచ్చాయి. ఇన్ని దెబ్బల మధ్య అక్కడి నర్సులు రాత్రి డ్యూటీకి పాట పాడుకుంటూ వచ్చేవారు. ఉదయం డ్యూటీ మార్చుకునేటప్పుడు వార్డులోనే నిలబడి నాలుగు గొంతులతో కీర్తన అందుకునేవారు. నేను సికింద్రాబాద్ చర్చి గాయక బృందంలో చిన్నప్పటి నుంచి పాడుతున్నవాడిని, అలాంటి పాట మళ్లీ ఎక్కడా వినలేదు.

ఇక శిబిరాల మాట. నేను అక్కడ ఉండగా మరో దేశం నుంచి ఒక బృందం వచ్చింది. అందరూ మంచివాళ్లు, కష్టపడేవాళ్లు. ఊళ్లలో శిబిరాలు పెట్టి రక్తపోటు పరీక్షించి, నెలకు సరిపడా మాత్రలు ఇచ్చారు. ఆ మాత్ర ఆసుపత్రి మందుల జాబితాలో లేదు. నెల గడిచాక రోగులు ఖాళీ అట్టలు పట్టుకుని వచ్చి అదే మందు కావాలన్నారు. ఆసుపత్రిలో ఉన్న మందు ఇస్తామంటే 'తెల్లవాళ్లు ఇచ్చినదే మంచిది' అని తీసుకోకుండా వెళ్లిపోయినవారు ఉన్నారు. శిబిరం జరిగినన్ని రోజులూ వార్డు నర్సులను అనువాదం కోసం తీసుకెళ్లారు. వార్డులో మిగిలిన ఇద్దరు సిస్టర్లు అరవై మందిని చూసుకున్నారు. ఫొటోల్లో శిబిరం కనబడుతుంది, ఆ ఇద్దరు సిస్టర్లు కనబడరు.

మన వాళ్లకు ఒక అలవాటు ఉంది, చెప్పక తప్పదు. డాక్టర్లకు కంపెనీలు ఇచ్చే శాంపిల్ మందులను పోగుచేసి సంచుల్లో నింపి పట్టుకెళ్తారు. రకరకాల పేర్లు, రకరకాల మోతాదులు, రెండు మూడు నెలల్లో గడువు తీరేవి. విరాళంగా ఇచ్చే మందులకు చేరిన నాటికి కనీసం ఒక ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996 నుంచి చెబుతోంది. అక్కడి ఫార్మసీలో పనిచేసే ఆమె ఆ సంచుల్లోని మందులను వేరుచేయడానికి, పనికిరానివాటిని రాసిపెట్టుకుని కాల్చడానికి రోజుల తరబడి కష్టపడడం నేను చూశాను. ఆ రోజుల్లో ఆమె చేయవలసిన అసలు పని ఆగిపోయింది.

వైద్య విద్యార్థులకు మరో మాట. హైదరాబాదులో మీరు చేయడానికి అనుమతి లేని పనిని మలావీలో చేయకండి. అక్కడ డాక్టర్లు తక్కువ కనుక క్లినికల్ ఆఫీసర్లు అనే ఉద్యోగులు సిజేరియన్ల దాకా చేస్తారు. ఆ పనికి వాళ్లు ఏళ్ల తరబడి శిక్షణ పొంది, వందల ఆపరేషన్లు చేసినవారు. వారి పక్కన నిలబడి నేర్చుకునే అవకాశం దొరకడమే పెద్ద విషయం. పేద రోగి ఎదురు చెప్పలేడు కదా అని అతని మీద చేయి తిప్పుకోవడం సేవ కాదు. అలాగే మంచం మీద బట్టలు లేకుండా పడుకున్న పిల్లవాడి ఫొటో తీసి లోకానికి చూపించవద్దు. మన నీలోఫర్ ఆసుపత్రిలో మన పిల్లల్ని ఎవరో విదేశీయుడు అలా ఫొటో తీస్తే ఊరుకుంటామా?

మత విషయంలో దాటవేత నాకు ఇష్టం లేదు. మిషన్ ఆసుపత్రి అనగానే మన దగ్గర చాలామందికి మతమార్పిడి అనుమానం వస్తుంది. నేను విశ్వాసిని. యేసు ప్రభువు మాట మీదే నేను అంత దూరం వెళ్లాను. అయినా మందుకూ మంచానికీ ప్రార్థనను షరతుగా పెట్టే చోట నేను ఒక్క స్క్రూ కూడా బిగించను. మలావీలో అత్యధికులు క్రైస్తవులే, సరస్సు ఒడ్డున మంగోచి వైపు ముస్లింలు ఎక్కువ. మా వార్డులో అందరూ ఉండేవారు. ఆసుపత్రి పాస్టరు గారు మంచం దగ్గరకు వచ్చి ముందు పేరు అడిగేవారు, తరువాత ఊరు, ఆ తరువాత వంట చేసిపెట్టడానికి ఎవరు వచ్చారని అడిగేవారు. రోగుల బంధువులు వెనక ఉన్న రేకుల షెడ్డులో కట్టెల పొయ్యి మీద మొక్కజొన్న పిండితో న్సీమా వండుకుంటారు, అది అచ్చం మన సంకటి లాగే ఉంటుంది, రంగు మాత్రం తెలుపు. వెంట ఎవరూ రాని రోగికి పాస్టరు గారు ఆ షెడ్డు నుంచే ఒక ముద్ద అడిగి తెచ్చేవారు. ప్రార్థన కావాలా అన్నది ఆఖరి ప్రశ్న. వద్దంటే చిరునవ్వుతో పక్క మంచం దగ్గరకు వెళ్లేవారు. నేను ఎరిగిన క్రైస్తవ సాక్ష్యం అదే.

తెలుగునాట మనం ఈ విషయంలో పుచ్చుకున్నవాళ్లం. అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరు 1883లో గుంటూరుకు వచ్చి, 1898 నాటికి స్త్రీల కోసం ఆసుపత్రి నిలబెట్టి, 1930లో ఆ ఊళ్లోనే కన్నుమూశారు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే దొరసాని డాక్టరు, ఆమె భర్త జార్జ్ కెర్ కలిసి 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రి మొదలుపెట్టారు. దానికి డబ్బు ఇచ్చినవారిలో రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ఉన్నారు. ఊరి బయటకు తరిమేసిన మనుషులు అక్కడ సూదిమందు వేయించుకుని, చేతి పని నేర్చుకుని, తోటలు పెంచారు. మా నాయనమ్మ వారిలో ఒకరు. ఆమె వేళ్లు వంకర తిరిగి ఉండేవి, ఆ వేళ్లతోనే నాకు అక్షరాలు దిద్దించింది. ఎవరో దూరదేశం నుంచి వచ్చి ఆమె చేయి పట్టుకోకపోతే మా వంశమే లేదు. కనుక విదేశీ మిషన్ సేవ దండగ అని నేను ఎన్నటికీ అనలేను.

ఆ పాతవాళ్లు ఉండిపోయారు. భాష నేర్చుకున్నారు, మన ఆడపిల్లలకు నర్సింగ్ నేర్పారు. ఇథియోపియాలో హామ్లిన్ దంపతులు కూడా అంతే. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాల నుంచి వచ్చిన ఆ ఇద్దరు ప్రసూతి వైద్యులు 1959లో కొద్ది ఏళ్ల ఒప్పందం మీద అడిస్ అబాబా చేరారు. రోజుల తరబడి ప్రసవం కాక, లోపలి కండ చితికి, మూత్రం అదుపు తప్పి, భర్తలు వదిలేసిన యువతులను చూసి అక్కడే ఆగిపోయి 1974లో వారి కోసం ప్రత్యేక ఆసుపత్రి కట్టారు. కేథరీన్ హామ్లిన్ 2020లో చనిపోయే వరకు ఆ ఊరు వదలలేదు. అలాంటి రోగిగా వచ్చిన మమితు గాషే అనే పల్లెటూరి స్త్రీకి వాళ్లు పని నేర్పితే, బడి చదువు లేని ఆమె ఆ శస్త్రచికిత్సలో పేరుమోసిన నిపుణురాలైంది. 1978లో మొదలైన మెర్సీ షిప్స్ సంస్థ ఓడలో ఆసుపత్రి నడుపుతూ ఒక్కో రేవులో నెలల తరబడి ఉండి, ఆపరేషన్లతో పాటు ఆ దేశపు వైద్య సిబ్బందికి శిక్షణ ఇస్తుంది. అక్కడ వాలంటీర్లు తమ ఖర్చు తామే పెట్టుకుంటారు. వంటవాళ్లు, ఎలక్ట్రీషియన్లు, ఇంజిన్ మెకానిక్కులు కూడా వారిలో ఉంటారు.

అందరూ జీవితాంతం ఉండిపోలేరు, ఆ సంగతి నాకు తెలుసు. పిల్లల చదువులు, ఇంటి అప్పులు, ముసలి తల్లిదండ్రులు అందరికీ ఉంటారు. అందుకే మన నగర సంఘాల పెద్దలకు నా మనవి ఇది. పన్నెండు మందిని పది రోజులకు పంపడానికి అయ్యే విమాన టికెట్ల డబ్బును ఒకసారి లెక్కవేయండి. అదే డబ్బుతో ఒక ల్యాబ్ టెక్నీషియన్‌నో, మత్తుమందు ఇవ్వడంలో అనుభవం ఉన్న నర్సునో, నాలాంటి రిపేరు మనిషినో ఆరు నెలలు అక్కడ ఉంచవచ్చు. పంపే ముందు ఆ ఆసుపత్రి పెద్దలకు ఉత్తరం రాసి వాళ్లకు ఎవరు కావాలో వాళ్లనే చెప్పనివ్వండి. 'ఎవరూ అవసరం లేదు, ఆటోక్లేవ్ గాస్కెట్లు పంపండి' అని జవాబు వస్తే గాస్కెట్లే పంపండి. చర్చిలో కానుకల పళ్లెం తిప్పేటప్పుడు గాస్కెట్ పేరు చెబితే జనం కదలరని మా పాస్టరు అయ్యగారు మొదట సందేహించారు. పాప సంగతి చెప్పి, ఫిల్టరు చూపించాం. జనం ఇచ్చారు.

వెళ్లేవారు దోమ కాటుకు జాగ్రత్తలు, మలేరియా రాకుండా వాడే మాత్రల గురించి డాక్టరును ముందే అడగాలి. దారిలో ఆగే దేశాన్ని బట్టి ఎల్లో ఫీవర్ టీకా పత్రం అవసరం కావచ్చు. ఆ టీకా మన నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి.

చివరగా ఒక పని ఉంది. 2021 వేసవిలో కరోనా రెండో దశలో మన నగరానికి ఎక్కడెక్కడి నుంచో కాన్సంట్రేటర్లు వచ్చాయి. చర్చిలు, కాలనీ సంఘాలు, నర్సింగ్ హోములు, కంపెనీలు కొన్నవీ ఉన్నాయి. ఇప్పుడు వాటిలో చాలావరకు మెట్ల కింద, అటకల మీద ఉన్నాయి. వాడకుండా తేమలో పడి ఉంటే లోపలి జియోలైట్ చెడిపోతుంది. అవి మన దేశపు 230 వోల్టుల కరెంటుకు సరిపోయేవి కనుక మలావీలో కూడా నడుస్తాయి, ప్లగ్గు మార్చితే చాలు. అయితే గుడ్డిగా పంపే ఉద్దేశం నాకు లేదు. ముందు అక్కడి టెక్నీషియన్ పంపిన జాబితాలోని మోడళ్లనే తీసుకుంటాం. ఒక్కోదాన్ని అనలైజర్‌తో పరీక్షించి, ఫిల్టర్లు, వాల్వులు, ఒక స్టెబిలైజర్ జతచేసి, అక్కడి ఆసుపత్రి ఒప్పుకున్న తరువాతే, ప్రభుత్వ అనుమతి పత్రాలతో పంపుతాం. పనికిరాని యంత్రాన్ని ఎవరికీ అంటగట్టం, దాని భాగాలు తీసి వేరే యంత్రాలకు వాడతాం. మన జిల్లాల్లో పాతబడిన మిషన్ ఆసుపత్రులు, ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలు అడిగితే ముందు వాటికే ఇస్తాం.

మీ పాఠకుల్లో ఎవరి దగ్గరైనా అలాంటి యంత్రం ఉంటే వెనకవైపు ఉన్న పలక మీది మోడల్ పేరు, తయారైన సంవత్సరం, ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు అంకె రాసి మీ కార్యాలయానికి పంపమని కోరుతున్నాను. నేను వచ్చి చూస్తాను. డిప్లొమా చదువుతున్న పిల్లలు ఈ పని నేర్చుకుంటామంటే శనివారాలు మా చర్చి హాలులో స్క్రూడ్రైవర్లు, మల్టీమీటరు పెట్టుకుని కూర్చుంటున్నాం. ఏ మతం వారైనా రావచ్చు. ఫీజు లేదు.

ఇట్లు,
విశ్రాంత బయోమెడికల్ టెక్నీషియన్,
బోయినపల్లి, సికింద్రాబాద్